ఏడో పేజీ చదివినందుకు

కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, కోర్టు కాగితాలు తెలుగు చేసి పెడుతుండేదాన్ని. అది తెలిసి ఒక విదేశీ కంపెనీ నన్ను భైంసా దగ్గరి ఊరికి తీసుకెళ్లింది. వాగు పక్కన నూలుకు రంగులద్దే మిల్లు పెడతారట. పంచాయతీతో చేసుకునే ఒప్పంద పత్రం ఊరివాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి.

కారులో కంపెనీ మేనేజరు నవ్వుతూ అన్నాడు. "ఏడో పేజీ వదిలేయండి మేడం. వాళ్లకు అర్థం కాదు."

ఆ మాటతోనే నాకు అనుమానం పట్టుకుంది. దారిలో ఆ పేజీ రెండుసార్లు చదివాను. అందులో ఉన్నది ఇదీ: యూరప్ దేశాల కూటమితో మన దేశానికి పెట్టుబడుల ఒప్పందం కుదిరితే అది ఈ మిల్లుకూ వర్తిస్తుంది. మన ప్రభుత్వం తర్వాత నిబంధనలు మార్చి నష్టం తెస్తే, కంపెనీ విదేశంలో, ఆ కేసు కోసమే ఎంచుకున్న ముగ్గురు మధ్యవర్తుల ముందు దావా వేయవచ్చు.

పంచాయతీ ఆఫీసులో అన్ని పేజీలతో పాటు అదీ చదివాను. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

వాగు ఒడ్డున పత్తి వేసే ఒక ముసలామె లేచింది. "వాళ్లకు నష్టమైతే గాడ పోయి అడుగుతరు. మా వాగు కరాబైతే మేమేడికి పోవాలె బిడ్డా?"

"ఇక్కడి కోర్టుకే," అన్నాడు మేనేజరు.

"మరి వాళ్లెందుకు రారు గీ కోర్టుకు?"

సర్పంచ్ ఆ రోజు సంతకం పెట్టలేదు. కంపెనీ మళ్లీ నన్ను పిలవలేదు.

కొన్ని నెలలకు సర్పంచే పిలిపించాడు. కొత్త కాగితంలో మధ్యవర్తుల బదులు, జడ్జీలు స్థిరంగా ఉండే శాశ్వత న్యాయస్థానం ఉంది. మిల్లు వదిలే నీటికి నెలనెలా పరీక్ష కూడా. మన మాట చెల్లిందని నేను సంబరపడబోతుంటే మేనేజరు అన్నాడు. "మీ వల్ల కాదు మేడం. కూటమే తన విధానం మార్చుకుంది."

ముసలామెకు అది చెప్పాను. ఆమె మొహం ఇంకా ముడుచుకుంది. "మనల్ని అడగకుంటనే మంచిగ రాసిన్రా? గట్లనే రేపు తీసేస్తరు. నీళ్ల ముచ్చట మన పంచాయతీ కాగితం మీద కూడ రాయమను."

పంచాయతీ తీర్మానంలో అది రాయించాకే సర్పంచ్ ఒప్పందంపై సంతకం చేశాడు.

ఇప్పుడు మిల్లు నడుస్తోంది. నీటి పరీక్ష ఫలితం ప్రతి నెలా పంచాయతీ గోడకు అంటిస్తారు. అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ముసలామె మాత్రం ఎడ్లను మిల్లుకు ఎగువకే తోలుకెళ్లి నీళ్లు తాపుతుంది.