తాడులో లేని ఆదివారాలు

నా పేరు ఎస్తేరమ్మ. వయసు డెబ్బై తొమ్మిదని కార్డులో ఉంది. ఆ కార్డు రాసినవాడు నన్ను అడిగి రాయలేదు. ఆలూరులో చిన్నకొడుకు దగ్గర ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రూతు రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ముందే మాట తీసుకున్నాను.

పోయిన శుక్రవారం పొద్దున మా మరిది పోయాడు. మొయినాబాద్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. కోడలు చెప్పింది, విన్నాను. గింజలు తీస్తూనే ఉన్నాను. చాటలో ఉన్నదంతా అయిపోయాక చూసుకుంటే గింజలూ పండూ మళ్ళీ ఒకే కుప్పలో పోశాను. ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. వచ్చినప్పుడు వస్తుంది.

జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో ఆయనతో చదువుకున్న ఒక పెద్దమనిషి రాసిన పేజీని మా కోడలు నాకు చదివి వినిపించింది. మంచిగానే రాశాడు. మధ్యలో ఒక చోట మాత్రం, ఉద్యమం రోజుల్లో మావాడు చెరువు మొహం చూడకుండానే లెక్కలు అల్లి మేష్టారికి దొరికిపోయాడనీ, అందుకే 'ముందువాన సారు' అనే పేరు వచ్చిందనీ రాశాడు. చదువుతూ మా కోడలు నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పేరు ఆయనకు రావలసింది కాదు. ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు ఒక్కదాన్నే. అందుకే ఇది ఆ పేజీ పక్కనే వేయాలి.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది నిక్కర్లు వేసుకునే పిల్లవాడు. పట్నంలో యూనివర్సిటీ దాకా పోయి, చేపల పెంపకం, చెరువుల నీళ్ళ సంగతి చదివాడు. మా అత్తమ్మకు ఆ చదువు తలకెక్కలేదు.

"చేపలు పట్టుడు బాలయ్య తాతకు రాదా? దానికి పట్నం దాకా ఎందుకురా పోవుడు?" అనేది.

"పట్టుడు కాదే అవ్వా, పెంచుడు. ముందు నీళ్ళనడగాలె, ఆఖరుకు చేపనడగాలె" అనేవాడు.

ఏ నీళ్ళు కనబడినా వేలు ముంచేవాడు. బర్రెల కుడితి తొట్టిలోనూ ముంచేవాడు. గ్లాసు ఇస్తే వెలుతురుకు పట్టి చూసిగాని తాగడు. "ఇషం కలపలే, తాగు" అని నేను కసిరేదాన్ని. ఊరికి వస్తే ముందు చెరువుకు, ఆ తర్వాత ఇంటికి. బురద కాళ్ళతో అలికిన వాకిట్లోకి వస్తాడని ఎన్నిసార్లు చీపురు తిరగేశానో.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. ఇంటికి వచ్చాడు. పరీక్షకు ఒక రికార్డు పుస్తకం రాయాలట. మన చెరువులో ఏ రోజు నీళ్ళెంత ఉన్నాయి, ఆ నీళ్ళకు ఎన్ని చేపపిల్లలు బతుకుతాయి అని. పొలాలకు నీళ్ళు వదిలే తూము రాయి మీద వేలి మందాన తెల్లగీతలు వేశాడు. పొద్దున్నే బట్టలకు పోయేదాన్ని నేనే కాబట్టి కొలవడం నాకూ నేర్పాడు. రాత రానిదాన్ని గనుక తాడు ఇచ్చాడు. రోజుకు ఒక ముడి. నీళ్ళు ఎన్ని వేళ్ళు దిగితే ముడికీ ముడికీ మధ్య అన్ని వేళ్ళ ఎడం. వాన పడి నీళ్ళు పెరిగితే ఆ ముడికి ఎర్రదారం.

"ఒక్క దినం గూడ ఇడువకు వదినా" అన్నాడు.

"నేను ఇడిసేదాన్ని లెక్క కనబడుతున్ననా?" అన్నాను.

నేను మొదటి ముడి వేసిన సోమవారమే ఆయన మొయినాబాద్‌లో మీటింగుకని పోయాడు. సాయంత్రానికి వస్తానన్నవాడు రోడ్డు మీద బస్సులాపే పిల్లల్లో కలిసి పోలీసు వ్యాన్ ఎక్కాడు. ఎనిమిది వారాలు జైల్లో ఉన్నాడు. మా అత్తమ్మ మంచం పట్టింది. మా ఆయన వకీళ్ళ చుట్టూ తిరిగాడు. నేను చెరువుకు పోయాను. నాకు చేతనైంది అదొక్కటే. పొద్దున్నే తూము దగ్గర దిగడం, గీత చూడడం, ముడి వేయడం. జ్వరంలోనూ పోయాను.

వచ్చాడు. చిక్కిపోయాడు. వచ్చిన రెండోనాడే పరీక్షలన్నారు, రికార్డు ఇమ్మన్నారు. రాత్రికి రాత్రే తాడు ముందేసుకుని ముడికో తారీఖు రాసుకుంటూ పోయాడు. ఆఖరుకొచ్చి ఆగాడు.

"వదినా, ఎనిమిది ముళ్ళు తక్కువున్నయ్."

"నేను ఒక్క దినం ఇడువలే. దేవుని తోడు."

తాడు కొన పీలికలై ఉంది. చివరి ఎనిమిది ముళ్ళు అక్కడ తెగిపోయి ఉంటాయనుకున్నాడు. కావాలంటే ఏదో ఒక అంకె వేసి నింపొచ్చు. నింపలేదు. చివరి ఎనిమిది రోజులూ ఖాళీగా వదిలి ఇచ్చాడు. దొంగలెక్కలు రాసేవాడైతే ఖాళీ ఎందుకు వదులుతాడు? ఈ మాట ఆ పెద్దమనిషి ఆలోచించాలి.

మేష్టారు చేవెళ్లలో సర్కారు వాళ్ళు రాసుకున్న వాన లెక్కను పక్కన పెట్టుకుని చూశాడట. "చేవెళ్లల వాన పడకముందు నాలుగు దినాలకే నీ చెరువు నిండిందా?" అన్నాడట. క్లాసంతా నవ్వి 'ముందువాన సారు' అని పేరు పెట్టిందట. రికార్డు కొట్టేశారు. ఉద్యమంలో అందరికీ ఒక ఏడాది పోతే మావాడికి రెండు పోయాయి.

ఇంటికొచ్చి అరుగు మీద తాడు పట్టుకుని కూర్చున్నాడు. నన్ను పిలిచాడు.

"ఈ ఎర్రదారం వాన ఏనాడు పడ్డది వదినా?"

"ఆదివారం. గుళ్ళె పాట పాడుతున్నప్పుడే పడ్డది. సోమవారం పోయి కొలిచిన."

"మరి ఆదివారం ముడి ఏది?"

"ఆదివారం ముడి ఎట్ల ఏస్తరు?"

యేసు గుడికి పోయే మా ఇంట్లో ఆదివారం పని లేదు. తాగే నీళ్ళు కూడా శనివారం సాయంత్రమే తోడి పెట్టుకుంటాం. ఆ రోజు తాడు ముట్టుకుంటే మా అత్తమ్మ చేతులు విరిచేది. దినం విడవకు అంటే పనిదినం విడవకు అనే నాకు అర్థం. ఎనిమిది వారాలు, ఎనిమిది ఆదివారాలు. తెగిపోయిన ముళ్ళు కావవి, నేను వేయని ముళ్ళు.

ఆయన ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

తెల్లారి ఎవరికీ చెప్పకుండా పట్నం బస్సెక్కాను. ఆ మేష్టారు ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. తప్పు నాదని చెప్పాలి, అంతే. మొయినాబాద్ దగ్గర పిల్లలు బస్సుకు అడ్డం పడ్డారు.

"అక్కా, జై తెలంగాణ అను!"

"పదిసార్లు అంట నేను. బస్సు పోనియ్యుండ్రి."

"బస్సు పోదక్కా."

"పోకపోతే నాతోటి అనిపిచ్చుడెందుకురా?"

వాళ్ళే సిగ్గుపడి నీళ్ళిచ్చారు. వెనక్కి నడక మొదలుపెట్టాను. సగం దారిలో మా మరిది సైకిల్ మీద ఎదురొచ్చాడు. "కారియర్ మీద కూసో" అన్నాడు. చేవెళ్ల దాటాక ఎత్తు ఎక్కుడు దగ్గర దిగి సైకిల్ నెట్టుకుంటూ అన్నాడు:

"చదువు రానిదాంతోటి పని చేయించిండని నిన్ను నలుగుట్ల నిలబెట్టి నవ్వుతరు వదినా. నన్ను నవ్వనియ్. కొలిచినోళ్ళను వారానికెన్ని దినాలని అడగాలె. నేనడగలే. తప్పు నాది."

"నీది కాదు."

"నాదే. నేనున్నన్ని దినాలు చెప్పకు."

ఒట్టు పెట్టించుకున్నాడు. పెట్టాను. మళ్ళీ కొలిచాడు, మళ్ళీ రాశాడు, పాసయ్యాడు. తర్వాత తానే మేష్టారై ఎంతోమందికి ఆ చదువు చెప్పాడు. కొత్త పిల్లలకు మొదటిరోజు మొదటిమాట అదే చెప్పేవాడట: కొలిచినవాళ్ళను వారానికెన్ని రోజులో అడగండి అని. సారు తమాషా మనిషి అనుకునేవారట.

ఇంట్లో ఫోన్ పెట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం గుడికి పోయేముందు ఫోన్ చేసేవాడు.

"వదినా, ఇయ్యాల ఏం వారం?"

"ఆదివారం."

"ముడి ఏసినవా?"

"నీ నోట్ల మన్ను వొయ్య, పెట్టు ఫోను" అనేదాన్ని. ఒక్క వారం తప్పలేదు. ఆస్పత్రి నుంచి కూడా చేశాడు. గొంతు రాలేదు గానీ అడిగాడు.

ఇక్కడికొచ్చాక రూతు కలం ఆపింది. "అత్తమ్మా, ఇది అచ్చయితే ఊరంత మీ గురించే మాట్లాడుతది. వద్దు."

"యాభై ఏండ్లు ఆయన గురించి మాట్లాడిండ్రు. ఇగ నా గురించి మాట్లాడనియ్. రాయి."

రాసింది.

శనివారం మన్ను చేశాం. నేనూ పిడికెడు వేశాను. చెయ్యి నాది కానట్టుంది. మర్నాడు పొద్దున తెల్లచీర కట్టుకుని ఫోన్ పక్కన కూర్చున్నాను. గుడి గంట కొట్టారు. అందరూ పోయారు. ఫోన్ రాలేదు. రాదని తెలుసు. అయినా కాసేపు కూర్చున్నాను.

తర్వాత లేచి, ట్రంకు పెట్టెలో నుంచి ఆ తాడు తీసుకుని చెరువుకు పోయాను. పుట్టి బుద్ధెరిగాక ఆదివారం పనికి చెయ్యి పెట్టడం అదే మొదలు. తూము రాయి మీద తెల్లగీతలు ఎప్పుడో పోయాయి. చేత్తో తడిమితే అక్కడక్కడ రంగు గరుకు మాత్రం తగిలింది. వంగి, నీళ్ళెంతవరకు ఉన్నాయో వేళ్ళతో చూశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. తాడు కొన పీలికలు ఒక్కచోటికి మెలేసి ముడి వేశాను. బిగించడానికి వేళ్ళకు బలం చాలక పంటితో లాగాను.

ఇది నేను చెప్పగా రాసి, రెండుసార్లు చదివి వినిపించారు. సరిగ్గా ఉంది.

ఎస్తేరమ్మ, ఎడమ బొటనవేలి నిశాని.

చూసినవాళ్ళు: కోడలు రూతు, రాసినది. చేపల బాలయ్య మనవడు మల్లేశం, తూము దగ్గర ఆ ఆదివారం నన్ను చూసినవాడు.