ఖైమా మొద్దు దగ్గర ఎలుగుబంటి

మా కోడలు మాంసం కొడుతుంది, పిల్లలకు పుస్తకాలు రాస్తుంది. రెండూ ఒకే మొద్దు దగ్గర. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ రాయలేదు కాబట్టి నేనే పూనుకున్నాను. నేను చదివింది ఊరిబడిలో ఐదో తరగతి వరకే, అయినా నా దస్తూరీని పంతులుగారు పై తరగతుల వాళ్లకు చూపించి సిగ్గుపడమనేవారు. మార్కెట్ సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి. తోలుకు గాటు పడకుండా మేకను వలవడంలో ఈ వీధిలో ఎవరైనా నా తర్వాతే. కొట్టు మీదికి దౌర్జన్యానికి వచ్చిన ముగ్గుర్ని త్రాసు కర్రతో సందు చివరిదాకా తరిమాను. అలాంటి నేను కూడా చేయలేని పని ఈ పిల్ల చేసింది.

నా మోకాళ్లు మొరాయించాక కత్తి తనే పట్టింది. తెల్లవారగానే షట్టరు ఎత్తడం, కొక్కేలకు మాంసం వేలాడదీయడం, బేరాలు, మధ్యలో ఇంటికి పరుగెత్తి వంట, తిరిగొచ్చి నెత్తురు కడగడం. కాగితం పట్టుకుని కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పిలిచేవారు, ముందుగా నేనే. చివరికి దారి ఖైమాలో దొరికింది. ఖైమా కొట్టాలంటే రెండు చేతులా రెండు కత్తులు పట్టి, మాంసం మెత్తబడేదాకా టకటకలాడించాలి. రెండు కత్తులు ఆడిస్తున్న ఆడదాన్ని కదిలించే ధైర్యం ఎవరికుంటుంది? ఆ దరువు మీదే పెదవులు కదుపుతూ కథ అల్లుకునేది. మధ్యాహ్నం కొట్టు మూశాక మొద్దును ఉప్పుతో రుద్ది, ఆరబెట్టి, దాని మీదే కాగితం పరుచుకుని రాసేది. అలా రెండు పుస్తకాలు అచ్చయ్యాయి.

మా కొట్టులో మొద్దులు రెండు. రెండోది నా కొడుకు. సంతలో మేకలు కొని తేవడం వాడి పని. తాగి రావడం కూడా వాడి పనే అనుకున్నాడు. వాళ్లకు పిల్లల్లేరు. వాడి స్నేహితులు ఆ మాట మీద ఎకసెక్కాలాడితే, ఆ కసి పెళ్లాం వీపు మీద తీర్చుకునేవాడు. ముందు చెయ్యి, తర్వాత బెల్టు. నేను అడ్డుపడి రెండుసార్లు వాడి చెంప పగలగొట్టాను. మూడు రోజులు బుద్ధిగా ఉండేవాడు, నాలుగో రోజు మళ్లీ కుక్కతోక వంకరే.

మూడో పుస్తకం తన అడుగుల చప్పుడుకే హడలిపోయే ఎలుగుబంటి కథ. నెలాఖరులోగా చేతికి రాకపోతే ఈ ఏడాదికి వేరేవాళ్ల పుస్తకం వేసేస్తామని అచ్చువేసే ఆవిడ చెప్పింది. ఇంకా నాలుగు కాగితాలే మిగిలాయన్న రోజు మధ్యాహ్నం వాడు ఊగుతూ వచ్చాడు.

"మనింట్లో ఉయ్యాలకి దిక్కులేదు గానీ, ఊళ్లో పిల్లలకి కథలా?"

ఆమె తలెత్తలేదు. అదే వాడికి మంట. జుట్టు పట్టి గుమ్మందాకా ఈడ్చి, కుడిచెయ్యి గడప మీద తొక్కిపెట్టి, ఇనుప షట్టరు బలంకొద్దీ కిందికి లాగాడు. ఎముక విరిగే చప్పుడు నాకు కొత్త కాదు, జీవితమంతా విన్నాను. ఆ చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలోనే ఉంది. రాసిన కాగితాలన్నీ పేగులు పోసే తొట్టిలో పడేసి, "ఇప్పుడు రాయి" అన్నాడు.

మెడ పట్టి కొక్కేల వరసకేసి కొట్టాను. భుజం చీలింది, కుట్లు పడ్డాయి. కన్నకొడుకే. అయినా షట్టరు తాళాలు లాక్కుని వీధిలోకి నెట్టాను.

డాక్టరు ఆమె మూడు వేళ్లకు ఇనుప కడ్డీలు వేశాడు. అవి మడతపడతాయన్న హామీ ఇవ్వలేదు. కట్టుతోనే తిరిగొచ్చి, ఎడమచేత్తో ఒక కత్తి తీసుకుని మొద్దు ముందు నిలబడింది. కత్తి ఆడకపోతే కథ గుర్తు రాదట. "మీ దస్తూరీ బావుంటుందిగా, మామయ్యా. మీరు రాయండి" అంది.

స్టూలు లాక్కుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని కూర్చున్నాను. పంతులుగారు చెప్పింది చెప్పినట్టు రాయడం నా చిన్ననాటి అలవాటు, ఒక్క మాట జారనివ్వను. "ఎలుగుబంటి అడుగేసింది" అంటే రాశాను. టక్ మంటే టక్ అని రాశాను. ఒక కత్తే కాబట్టి కథ నిదానంగా నడిచింది. మధ్యలో బేరం వస్తే తల తిప్పి, "సన్నగా కొట్టనా, ముక్కలు చాలా?" అనేది. అదీ రాశాను. కథలో మాటేనని నేను, బేరం మాటని తను.

సగం దాటాక వాడు మళ్లీ వచ్చాడు. ఒక భుజానికి కట్టు, మంచి చేతిలో మేకల్ని లాగే ఇనుప కొంకి. కొంకి పట్టిన చేతిని మొద్దు మీద ఆనించి, నా ఒళ్లో కాగితాల మీదికి వంగాడు. నేను లేచేలోగా, ఆమె చేతిలోని కత్తి వాడి చొక్కా చేతిని మొద్దులోకి దిగ్గొట్టింది. సగందాకా దిగింది. చర్మం మీద గీత పడి నెత్తురు సన్నగా జారింది. కొంకి కింద పడింది.

వాడు గుంజుకున్నాడు, గుడ్డ చిరగలేదు. ఆమె గోడకున్న రెండో కత్తి తీసింది. వాడి పిడికిలికి జానెడు దూరంలో మళ్లీ మొదలుపెట్టింది. టక్. టక్.

"మామయ్యా, ఎక్కడిదాకా వచ్చాం?"

"వాగు దాకా."

ఎలుగుబంటి వాగు దాటింది. కత్తి దగ్గరికి వచ్చినప్పుడల్లా వాడు ఊపిరి బిగబట్టాడు. పెళ్లాం కథ వాడు మొదటిసారి విన్నది అప్పుడే, పారిపోయే వీల్లేక. చివరి మాట చెప్పాక కత్తి ఊడబెరికి, "నువ్విక వెళ్లు" అంది. అరవలేదు. వాడు కొంకి అక్కడే వదిలి వెళ్లాడు.

కాగితాలు గడువులోనే అందాక అచ్చువేసే ఆవిడ ఫోన్ చేసి, ఈ టక్‌లు ఎవరు పెట్టారని అడిగింది. "నేనే. ఒక్కటి కూడా వదల్లేదు" అన్నాను. అడుగుల చప్పుడు భలే కుదిరిందంది. అయితే వాగు దగ్గర తాబేలు ఎదురైతే ఎలుగుబంటి "సన్నగా కొట్టనా, ముక్కలు చాలా?" అని ఎందుకడుగుతుందో తనకు బోధపడలేదంది. కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. వేళ్లు విరిగాక అదే మొదటి నవ్వు. ఉండనివ్వమంది. ఇప్పుడు పిల్లలు మా కొట్టు ముందు నుంచి ఒక్కో అడుగూ టక్ మనిపిస్తూ వెళ్లి, లోపలికి తొంగిచూసి అదే ప్రశ్న అడిగి పరుగెడతారు.

వాడు ఒక్కోసారి ఖైమా వేళకు ఎదుటి అరుగు దగ్గర నిలబడతాడు. తాళాలు నా నడుముకే ఉన్నాయి. వాడికిమ్మని ఆమె అడగలేదు, ఇస్తానని నేను అనలేదు. ఆమె మూడు వేళ్లూ ఇంకా మడతపడవు. నాలుగో పుస్తకం పదకొండో కాగితం నా మోకాలి మీద ఉంది.