సొంతపేరు మీద రాయితీ టికెట్టు

మా వైపు మగవాళ్లు సొంతపేరుతో ప్రయాణం చేయని కాలం ఒకటుండేది. పార్టీ గొడవల్లో ఊరు వదిలి ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకున్న మా జేజినాయనకు, అంటే నాయన తండ్రికి, రైలు టికెట్టు ఎప్పుడూ చనిపోయిన ఒక మేనమామ పేరు మీదే తీసేవాళ్లు. (ఆ మేనమామ బతికుండగా రైలు ముఖం చూడలేదు. పోయాక మద్రాసుకు నాలుగుసార్లు వెళ్లొచ్చాడు.) చిన్నప్పటి నుంచీ బయటి హాస్టళ్లలో చదువుకున్న నాకు ఇదొక చాదస్తంగా కనిపించేది. అప్పుడే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఫారాలు నింపడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా గట్టి నమ్మకం.

జేజినాయనకు మద్రాసులో కంటి ఆపరేషన్ కుదిరింది. టికెట్లు తెమ్మని నన్ను ఎర్రగుంట్ల స్టేషనుకు పంపారు. కౌంటరు పక్కన పెద్దవయసు వాళ్లకు రాయితీ ఉందనీ, వయసుకు రుజువు దగ్గర ఉంచుకోవాలనీ బోర్డు పెట్టారు. చనిపోయిన మేనమామకు రుజువు ఎక్కడి నుంచి తేవాలి? అందుకని జేజినాయన పేరు ఇంటిపేరుతో సహా గుండ్రటి అక్షరాలతో రాసి, వయసు అరవై ఎనిమిది వేసి, రాయితీ టికెట్టు పట్టుకుని విజయగర్వంతో ఇల్లు చేరాను. చిన్నాయన టికెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ పేరు రైలు పెట్టెకు అంటిస్తారు గదరా," అన్నాడు చివరికి. "ఏ పెట్టె, ఏ బెర్తు, అన్నీ రాసి మరీ. ఎదుటి పార్టీవాళ్లు యాడా ఎతుక్కునే పనిల్యా. కాగితం చదువుకొని వచ్చి నరికిపోతారు."

మా పెదనాయనను అలాగే, ఏ బస్సులో వస్తున్నాడో తెలుసుకుని, జమ్మలమడుగు దారిలో చంపారు. ఆ మాట గుర్తుండీ నేను ఇంటిపేరుతో సహా రాశాను. ఆపరేషన్ వాయిదా వేస్తే ఉన్న చూపు కూడా పోతుందని డాక్టరు ముందే చెప్పాడు, వేరే టికెట్లు లేవు. జేజినాయన మాత్రం, "రాసినోడే తోడొస్తాడు లే, పోదాం," అన్నాడు. బండి ఆగీ ఆగగానే చిన్నాయన పెట్టెకు అంటించిన పేర్ల కాగితం చించేయాలని నిర్ణయమైంది.

బండి వచ్చింది. జేజినాయనను ఎక్కించి, చిన్నాయనా నేనూ కాగితం దగ్గరకు పరుగెత్తాం. అప్పటికే ఒకాయన దాని మూల పట్టుకుని పీకుతున్నాడు. అతను ఎదుటి పార్టీ పెద్దకు అల్లుడు. ఆ పెద్దను మా ఇంట్లో మీసాలాయన అనేవాళ్లు. మా పెదనాయన చావు తర్వాత జరిగిన దాడిలో మీసాలాయన కొడుకూ పోయాడు. ఆయనా ఊరు వదిలి పులివెందులలో కూతురింట్లో ఉంటున్నాడు. కాగితం మీద జేజినాయన పేరు కిందే ఆయన పేరుంది, అరవై తొమ్మిదేళ్లు, రాయితీ. చెరో మూలా పట్టుకున్న చిన్నాయనా, అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. (అల్లుడూ నాలాగే ఫారాలు నింపే మనిషని తర్వాత తెలిసింది.) కూత వినిపించి అందరం ఒకే పెట్టె వాకిట్లో పడి ఎక్కాం.

లోపల పెద్దవాళ్లకిచ్చే కింది బెర్తుల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునున్నారు. మోకాళ్ల మధ్య జానెడు ఎడం. చిన్నాయన ఒక పక్కా, అల్లుడు ఒక పక్కా, సంచుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఇంతలో టీసీ వచ్చి వయసు కాగితాలు అడిగాడు. జేజినాయన చూపించాడు. అల్లుడు సంచంతా గాలించాడు, కాగితం ఇంట్లో మర్చిపోయారు. మిగతా చార్జీ, దాని మీద జరిమానా కట్టాలన్నాడు టీసీ. మీసాలాయన తల దించుకున్నాడు.

"ఆయప్పకు అరవై తొమ్మిది నిజమే సార్," అన్నాడు జేజినాయన కిటికీలోకి చూస్తూ. "మిషన్ బళ్లో నాకంటే ఒగ తరగతి ముందుండె. కావాల్నంటే నేను సంతకం పెడతా."

టీసీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "స్నేహితులా?" అన్నాడు. మీసాలాయనా కిటికీ వైపు తిరిగాడు. టీసీ నవ్వి టిక్కు పెట్టి వెళ్లిపోయాడు.

కడప దాటాక మీసాలాయన అడిగాడు. "కండ్లకేనా?"

"కండ్లకే."

"ఆపరేషనైతే శానా బాగా కనపడతాదంట."

"కనపడి ఏం జేస్తాం అప్పా. మనం జూడాల్సినోళ్లు పోయిరి."

మీసాలాయన పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. సంచుల్లోంచి చేతులు ఎప్పుడు బయటికొచ్చాయో నేను గమనించలేదు. మద్రాసులో దిగి ఎవరి దారిన వాళ్లు పోయాం.

ఆపరేషన్ అయ్యాక, కళ్లకు కట్టుతోనే జేజినాయన నన్ను పిలిచి, "తిరుగు టికెట్టు సొంతపేరు మీదే రాయి. ఆయప్ప ఏ దినం పోతాండాడో కనుక్కోని రాయి," అన్నాడు.

ఇప్పుడు నాకు ఆ వయసు వచ్చింది. నేను అర్హుణ్ణయ్యేసరికి రాయితీ తీసేశారు. అయినా ఫారంలో వయసు గుండ్రంగా రాస్తాను. ఎదుటి బెర్తులో నా ఈడు మనిషి కనిపిస్తే, ఏ ఊరని ముందు నేనే అడుగుతాను. మా ఆవిడ మాత్రం, ఈ ముసలాయనకు నోరు ఊరుకోదని విసుక్కుంటుంది.