రెండు లక్షల ఎనభై వేల కళ్ళద్దాలు

ఆ తొంభై రెండు రోజుల్లో మా కొట్టు పోగొట్టుకున్నవాటిని ముందు చెబుతాను. డెమో సెట్టు మీద లక్షా అరవై వేల రూపాయలు. ముఖానికి ఆనే మెత్తలు నాలుగు. రెండింటికి తలనూనె, ఒకదానికి విభూతి, ఇంకొకదానికి కుంకుమ పట్టి, ఎంత తుడిచినా పోలేదు. కుర్చీ కాలి కింద నలిగిన బ్యాటరీ వైరు ఒకటి. పద్దెనిమిదేళ్ళుగా మా దగ్గరే అద్దాలు చేయించుకున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు. కంటి పరీక్ష కోసం నలభై నిమిషాలు కూర్చుని, లేచి ఎదురు కొట్టుకు వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఇక నేను కంటి పరీక్షలు చేసే చీకటి గది, డెమో గదిగా మారి తొంభై రెండు రోజులకు తొంభై రెండు రోజులూ.

నేను రిఫ్రాక్షనిస్టుగా పనిచేశాను. అంటే కంటికి ఏ పవరు అద్దం కావాలో పరీక్షించి చీటీ రాసేవాణ్ణి. డిగ్రీ లేదు. పదో తరగతి తర్వాత కంటి శిబిరాల్లో అద్దాల పెట్టె మోస్తూ, డాక్టర్ల పక్కన నిలబడి, రాత్రిళ్ళు లెక్కలు వేసుకుంటూ నేర్చుకున్నాను. కృష్ణగిరిలోని అసలు కొట్టులో ఇరవై రెండేళ్ళు చేసిన తర్వాత, కరోనా ఆంక్షలు ఎత్తేసిన రెండో ఏట నన్ను సీనియరు హోదాలో హోసూరు బ్రాంచికి పంపారు. ఆ ఏడు తమిళుల ఆడి నెల, అంటే జూలైలో, మొదటి సోమవారమే అక్కడ డెమో గది తెరిచాము.

డెమో చేయాల్సిన వస్తువు ఒక విదేశీ కంపెనీ హెడ్‌సెట్టు. అది పెట్టుకుంటే మన గది మనకు కనిపిస్తూనే ఉంటుంది. ఆ గదిలోనే లేని వస్తువులు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. గోడంత సినిమా తెర, నేల మీద కొండలోయ, గాలిలో ఈదే తాబేలు. ధర రెండు లక్షల ఎనభై వేలు. తూకం వేసి చూశాను, ఆరు వందల ముప్పై గ్రాములు. మా కొట్టులో మామూలు ఫ్రేము ఇరవై రెండు గ్రాములు ఉంటుంది.

కళ్ళద్దాల కొట్టుకు దీన్ని ఎందుకిచ్చారని చాలామంది అడిగేవారు. కారణం ఉంది. కంట్లో పవరు ఉన్నవాళ్ళు తమ కళ్ళజోడు మీద ఆ హెడ్‌సెట్టు పెట్టుకోలేరు. వాళ్ళ పవరుకు తగిన చిన్న అద్దాలను లోపల అయస్కాంతంతో అతికించాలి. ఆ పవరు చూడడానికి నాలాంటివాడు కావాలి.

మా యజమాని గోవిందరాజును అందరం ముదలాళి అనే పిలుస్తాము. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న, కొత్త వస్తువంటే పిచ్చి. డిస్ట్రిబ్యూటరు షరతు ప్రకారం డెమో సెట్టును ఆయన పూర్తి ధర పెట్టి కొనాలి. తొంభై రెండు రోజుల్లోగా ఒక్క హెడ్‌సెట్టు అమ్మితే చాలు, డెమో సెట్టును అదే ధరకు వెనక్కి తీసుకుంటారు. అమ్మలేకపోతే అది ఆయన నెత్తిన ఉంటుంది. ఆ ఏడాది కూతురి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బు అందులో పెట్టాడని నాకు తెలుసు. ఒక్కటి అమ్ముడుపోతే చాలని ఆయనా, ఆయన కోసం నేనూ రోజూ అనుకునేవాళ్ళం.

డెమో పద్ధతి ఇది. ముందు ట్రయల్ లెన్సులతో పవరు అంచనా, తగిన అద్దాలు అతికించడం, పట్టీ సర్దడం. తర్వాత ఆ యంత్రం చుక్కలు చూపిస్తుంది. ఒక్కొక్క చుక్కనూ చూస్తే మన కంటి కదలికను గుర్తు పెట్టుకుంటుంది. ఇదంతా నాలుగు నిమిషాలు. చూడడం ఆరు నిమిషాలు. మొత్తం మనిషికి పది. వచ్చినవాళ్ళ పేరు, పవరు, కొనకపోతే కారణం రిజిస్టరులో రాసేవాణ్ణి. కారణం గడిలో చాలాసార్లు ‘ధర’ అని రాశాను.

ఆదివారాలు గుంపులు గుంపులుగా వచ్చేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేస్తున్న ఒక కుర్రాడు పెట్టుకుని చూసి, “సినిమా భలే ఉందండి. పక్కన మా ఆవిడ కూర్చుంటే తనకేం చూపించమంటారు?” అన్నాడు. అందరం నవ్వాము. అతని కారణం గడిలో కూడా ‘ధర’ అనే రాశాను. ఇంకో మెకానిక్కు, మిషన్ల రిపేరులో రోజూ ఇలాంటి అద్దాలే పెట్టుకుంటాడట, “కంపెనీలో ఎనిమిది గంటలు మోస్తాండాను సార్, ఇంటికాడ గూడానా” అన్నాడు. అక్కడా ‘ధర’.

గడువు ఇంకా ఐదు రోజులుందనగా బేరిగై పల్లె నుంచి రామచంద్రప్ప కుటుంబం వచ్చింది.

గొర్రెలు మేపే కుటుంబం వాళ్ళది. కొంత భూమిని గులాబీ తోటల కంపెనీకి కౌలుకిచ్చి, అడ్వాన్సు డబ్బుతో కొత్త ఇల్లు కట్టారు. హాల్లోకి పెద్ద టీవీ కొనాలనుకుంటుంటే, ఫ్యాక్టరీలో పనిచేసే పెద్ద కొడుకు మంజునాథ టీవీ ఎందుకు, గోడంత బొమ్మ కనిపించే యంత్రం ఉందని చెప్పాడట. డబ్బు సంచిలో ఉంది. మొదటిసారి మా కొట్టుకు నిజంగా కొనేవాళ్ళు వచ్చారు. ముదలాళి తన కుర్చీని తెచ్చి రామచంద్రప్పకు వేశాడు.

ఇంట్లో పదకొండు మంది. పదమూడేళ్ళలోపు పిల్లలకు పెట్టకూడదని కంపెనీ నియమం, అందువల్ల ఇద్దరు పోగా తొమ్మిది మంది. తొమ్మిది పదులు తొంభై. బ్యాటరీ నూట ఇరవై నిమిషాలు వస్తుంది. ముప్పై నిమిషాలు మిగులు అని మనసులో లెక్క వేసుకున్నాను. ఆ రోజు నెలవారీ కరెంటు కోత, సాయంత్రం ఐదు దాకా రాదు. ఇన్వర్టరు మీద రెండు లైట్లూ, అద్దాల పవరు కొలిచే లెన్సోమీటరు ఒకటీ తప్ప ఏమీ నడవవు. అయినా మిగులు ఉంది కదా అని భయపడలేదు.

ఎవరెవరికి కళ్ళజోడు ఉందని అడిగాను. రామచంద్రప్ప చొక్కా జేబులోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఒక పక్క కాడకు నల్లదారం చుట్టి ఉంది.

“ఇది మీదా?” అన్నాను.

“అందురిదీ. తలుపు పక్కన మేకుకు తగిలించుంటాము. రేషన్ కార్డు సూడాలన్నా, మందు చీటీ సూడాలన్నా, సూదిలో దారం ఎక్కియాలన్నా అదే.”

మొదటి వంతు ఆయనదే. తలపాగా తీయనన్నాడు, పట్టీని పూర్తిగా వదులు చేసి దాని మీదుగానే బిగించాను. కొండలోయ కనిపించగానే లేచి నిలబడ్డాడు.

“ఏం కనపడతా ఉండాది మావా?” అని పెద్ద కోడలు మునిరత్నమ్మ అడిగింది. ఆమె చంకలో ఒక పిల్ల, చేతిలో అందరి చెప్పుల సంచి.

“గడ్డమ్మా. యాడ సూసినా గడ్డే. మోకాలెత్తు ఉండాది. ఇంత గడ్డి పెట్టుకోని ఒగ గొర్రి గూడా లేదే. ఏమప్పా, ఎవురిదీ భూమి?”

నేను డిస్ట్రిబ్యూటరు శిక్షణలో మూడు రోజులు కూర్చున్నాను. ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు.

ఆరు నిమిషాలయ్యాక కూడా ఆయన తీయలేదు. చూసిందంతా వరసగా ఇంట్లోవాళ్ళకు చెప్పుకుంటూ వచ్చాడు. వాళ్ళు అడుగుతుంటే మళ్ళీ తిరిగి చూసి చెప్పాడు. వాగు ఏ పక్క నుంచి వస్తోంది, చెట్టు తుమ్మా వేపా, దూరంగా ఇల్లేమైనా ఉందా. ఆ తర్వాత ఆయన భార్య. ఆమె కొప్పులో కనకాంబరాలు నలగకుండా పట్టీ వేయడానికే కొంతసేపు పట్టింది. తాబేలు వచ్చి అరచేతిలో వాలగానే రెండు చేతులూ దోసిలి పట్టి కదలకుండా నిలబడింది. యంత్రం తీసేసిన తర్వాత కూడా దోసిలి విప్పలేదు. “యిడిస్తే కింద పడతాది” అంది. కోడళ్ళు నవ్వితే తానూ నవ్వింది.

ఆ తర్వాత రామచంద్రప్ప అన్న, ఇద్దరు కొడుకులు, చిన్న కోడలు, కూతురు, పదిహేనేళ్ళ మనవరాలు. ఒక్కొక్కరు పెట్టుకోవడం, మిగతావాళ్ళు చుట్టూ నిలబడి “ఇప్పుడేమి? ఇప్పుడేమి?” అనడం. ఎనిమిదో మనిషి చూస్తుండగా బ్యాటరీ అయిపోయింది. గడియారం చూశాను. సరిగ్గా రెండు గంటలు. ఎనిమిది మందికి నూట ఇరవై నిమిషాలు, మనిషికి పదిహేను. నా లెక్కలో ప్రతి మనిషి దగ్గరా ఐదు నిమిషాలు తప్పింది. చూసే సమయం వేసుకున్నాను కానీ, చూసింది చెప్పుకునే సమయం వేసుకోలేదు.

మిగిలింది మునిరత్నమ్మ ఒక్కతే. ఇన్నేళ్ళ సర్వీసులో, వంతు కోసం కూర్చున్న మనిషిని చూడకుండా నేను పంపింది లేదు. అందుకే కరెంటు వచ్చేదాకా ఉండమన్నాను.

“గొర్రెలు మళ్ళేయాల సార్, ఉండేకి కాదు. ఎనిమిది మంది చెప్పిరి గదా, చూసినట్టే ఉండాది” అంది.

అప్పుడు రామచంద్రప్ప సంచి ఒళ్ళో పెట్టుకుని కోడలి వైపు తిరిగాడు. “ఏమ్మా, కొందామా?” ఆ ఇంట్లో డబ్బు వ్యవహారం ఆమెదేనని మాకు అప్పుడు అర్థమైంది. దాన్ని చూడని మనిషి చేతిలో బేరం పడింది. ముదలాళి నా వైపు చూశాడు.

మునిరత్నమ్మ నన్నే అడిగింది. “సార్, ఇది మా ఇంట్లో ఎవురు పెట్టుకున్నా పనిచేస్తాదా? మేకుకు తగిలించుకునేకి అయితాదా?”

ఎవరు పెట్టుకున్నా పనిచేస్తుందని నేను చెప్పవచ్చు. అది అబద్ధం కాదు కూడా. కానీ ఆమె అడిగింది ఆ మేకుకు ఉన్న కళ్ళజోడు లెక్కలో. చీటీ పుస్తకం తిరగేసి వెనక వైపున రాసి చూపించాను. పరీక్షించిన ఎనిమిది మందిలో ఐదుగురికి లోపల అద్దాలు వేరే కావాలి, జత పదహారు వేలు, ఐదు జతలకు ఎనభై వేలు. అసలుతో కలిపితే మూడు లక్షల అరవై వేలు. ఒకరు తీసి ఇంకొకరు పెట్టుకున్న ప్రతిసారీ అద్దాలు మార్చాలి, చుక్కలు మళ్ళీ చూడాలి, నాలుగు నిమిషాలు. తొమ్మిది మంది రోజుకొక్కసారి చూసినా, సర్దుకోవడానికే ముప్పై ఆరు నిమిషాలు. ఒకరు చూస్తున్నప్పుడు మిగతా ఎనిమిది మందికీ ఏమీ కనిపించదు.

ఆమె ఆ కాగితాన్ని మామ చేతిలో పెట్టింది.

“టీవీ అయితే పదకొండు మందిమీ ఒగేసారి సూస్తాము మావా. కొట్లాడుకుంటా సూస్తాము, అయినా సూస్తాము. దీంతో ఒగరు సూసేది, అందురూ వాళ్ళ మొగం సూసేది.”

“నిజమే,” అన్నాడు రామచంద్రప్ప. “సుమ్మనే, ఊరికే గడ్డి చూపిచ్చినాడు ఈయప్ప.” సంచి చంకన పెట్టుకుని లేచాడు.

వాళ్ళు వెళ్ళిన తర్వాత ముదలాళి తన కుర్చీని తిరిగి తన బల్ల వెనక వేసుకున్నాడు. “ఆయమ్మ అడిగిందానికి ఔను అంటే అయిపోయుండు గదా నారాయణప్పా. పుస్తకం ఎందుకు తీసినావు?” అన్నాడు. చీటీ రాయడం నా పని, అలవాటుగా రాశాను అన్నాను. తప్పు చేశానని అనలేదు, ఆయనా అనిపించలేదు. రెండు రోజులు నాకు టీ మాత్రం చెప్పలేదు. మూడో రోజు రెండు టీలు తెప్పించి, “నా పుణ్యం బాగుండి నీకు సేల్స్ పని ఇయ్యలేదు” అన్నాడు.

గడువు ముగిసిన మరుసటి రోజు, బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి వచ్చి లక్షా ఇరవై వేలకు ఆ సెట్టును పట్టుకుపోయాడు. ఒంటరిగా ఉంటాడట. నా గది నాకు తిరిగి వచ్చింది.

సెట్టు పోయిన రెండో రోజు రామచంద్రప్ప కుటుంబం మళ్ళీ వచ్చింది, ఈసారి కంటి పరీక్షకు. మసకగా ఉందని డెమోలో తెలిసినవాళ్ళందరూ అద్దాలు వేయించుకున్నారు. వాళ్ళు ఐదుగురు, పనిలో పనిగా పరీక్షిస్తే పవరు తేలిన చిన్న పిల్లాడు ఒకడు, మొత్తం ఆరు జతలు. మునిరత్నమ్మకు ఏ పవరూ లేదు. రెండు కళ్ళూ ఆరు బై ఆరు. లోపల వేరే అద్దమేదీ లేకుండా ఆ యంత్రాన్ని పెట్టుకోగలిగేవాళ్ళలో ఆమె కూడా ఒకతె.

“నా వంతు ఏమాయ సార్?” అంది పరీక్ష అవగానే. యంత్రం అమ్మేశామన్నాను. “అట్లయితే బాకీ రాసుకోండి” అని నవ్వి, మరిది అద్దాలకు ఫ్రేము ఏరడానికి వెళ్ళింది.

రిటైరయ్యే ముందు ఆ రిజిస్టరును ఒకసారి మొదటి నుంచీ చదివాను. కారణం గడిలో నేను ‘ధర’ అని రాసిన చాలాచోట్ల మనుషులు ధర గురించి మాట్లాడలేదు. పక్కన కూర్చునేవాళ్ళ గురించి మాట్లాడారు. కుటుంబంగా వచ్చినవాళ్ళు ధరను ఇంట్లో తలలతో భాగించి చూస్తారు. ఈ యంత్రం ఒకటితో తప్ప భాగింపబడదు. ధర సగానికి తగ్గినా ఆ లెక్క మారదు. ఒంటరిగా ఉండేవాళ్ళకు అమ్మదలిస్తే అమ్ముడుపోవచ్చు. మా హోసూరు కొట్టుకు వచ్చేవాళ్ళలో అలాంటివాళ్ళు తక్కువ. ఇది నేను మొదటి వారంలోనే గుర్తించి ఉండాల్సింది.

మునిరత్నమ్మ పేరుకు ఎదురుగా రిజిస్టరులో ‘బాకీ, ఆరు నిమిషాలు’ అని ఉంది. అది నేను రాసిందే, తప్పు లెక్క. సర్దడానికి నాలుగు, చూసింది ఇంట్లోవాళ్ళకు చెప్పుకోవడానికి ఐదు కూడా కలిపితే నేను ఆమెకు ఇవ్వాల్సింది పదిహేను నిమిషాలు.