చివరి రాయి

మా పూజగదిలో రోజూ పాలాభిషేకం అందుకునే రాయి ఒకటుంది. అది ఎవరిదో నాకు తెలుసు. నా భార్య మాధవికి తెలియదు. ఇన్నేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మూడోసారీ కడుపు నిలవక, మాధవి మాటలే మానేసిన రోజులవి. గాలి మార్పు కోసమని మేముండే నార్తాంప్టన్ నుంచి కారులో స్కాట్లండ్ తీసుకెళ్లాను. ఉత్తరాన ఎక్కడో, చెట్టన్నది లేని బీడు మధ్య, రోడ్డు పక్కన నాలుగిళ్లు, ఒక టీ కొట్టు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మబ్బు నేల మీదికి దిగి ఉంది. కొట్టు గోడ వారగా నల్లటి నున్నటి రాళ్లు వరసగా ఉన్నాయి.

"ఏమండీ, ఆ చివరిది చూడండి! అచ్చం లింగంలా లేదూ? స్వామి మనల్ని ఇంత దూరం రప్పించుకున్నాడంటే ఊరికేనా?" అంది మాధవి. ఎన్ని నెలలకో నవ్వింది.

టీ డబ్బులివ్వడానికి లోపలికెళ్లాను. ఏదో మాట కలపాలని, ఆ రాళ్లేమిటని కొట్టు నడిపే ముసలావిడను అడిగాను.

"పసిబిడ్డలవి," అందావిడ. "రోడ్డు వేసే కూలీలు ఇక్కడే కాపురముండేవారు. బాప్తిస్మం కాకుండా పోయిన బిడ్డల్ని చర్చి ఆవరణలో పూడ్చనిచ్చేవారు కాదు. ఇక్కడే పూడ్చి, తల్లి వాగులోంచి ఒక రాయి ఏరి తెచ్చి పెట్టేది. వాటిని ఎవరూ ముట్టుకోరు." కప్పు తుడుస్తూ అంది: "ఆ చివరిది నా బిడ్డది. ఇప్పుడు చూపు ఆనదు. సాయంత్రం వెళ్లి చేత్తో తడిమి వస్తాను."

కిటికీలోంచి చూశాను. వరస చివర తడి గుంట మాత్రమే ఉంది. కారులో మాధవి, ఒళ్లో చున్నీ మూట.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? మాధవి నవ్వు చెదరకూడదనా? లేక ఆవిడ ముందు తల వంచుకోవడం ఇష్టంలేకనా? ఆవిడకు చూపు ఆనదని విన్నప్పుడు నా గుండె తేలికపడింది. అసలు పాపం అదే. థాంక్యూ చెప్పి, వచ్చి కారు స్టార్ట్ చేశాను.

మరుసటి ఏడు పాప పుట్టింది. శైలజ అని పేరు పెట్టుకున్నాం. స్వామి ఇచ్చిన బిడ్డ అని మాధవి అందరికీ చెబుతుంది.

ఇప్పుడు పాప పడుకునే ముందు ఆ రాయిని నిమిరి, "నైట్ నైట్, బేబీ," అంటుంది. మేమెవరమూ నేర్పలేదు. మాధవి నవ్వుతుంది. నేను పాప చేతిని పక్కకు తీసేస్తాను. తిరిగి పెట్టేసి వద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ అది ఇల్లు దాటితే పాపకేమవుతుందో! చదువుకున్నవాణ్ణే, అయినా భయం. ఆ సాయంత్రం ఆ ముసలావిడ చేయి ఆ గుంటలో ఎంతసేపు వెతికి ఉంటుంది?

రాయి తీసింది మాధవే అయినా, దొంగిలించింది నేను. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. అభిషేకానికి పాలు తెమ్మని మాధవి పిలుస్తోంది. వెళ్లాలి.