తునికాకు గోదాంలో తొలి పాట

ఆ రోజుల్లో మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో పాట వినాలంటే ఎవరింట్లోనైనా పెళ్లి కావాలి, లేదా గణపతి మండపం వేయాలి. అలాంటి ఊరికి పాటల హాలు ఉండాల్సిందేనని పట్టుబట్టిన మహానుభావురాలిని నేనే. గడ్చిరోలి కాలేజీలో బృందం కట్టి పాడే నా స్నేహితులు "మీ ఊరికి రోడ్డే సరిగ్గా లేదు, హాలెక్కడిది?" అని నవ్వారు. ఆ మంటతో మా నాన్నకు అన్నైన పెద్దబాపు కాళ్లావేళ్లా పడి, సీజన్ లేనప్పుడు ఖాళీగా ఉండే ఆయన గోదాంను, బీడీలు చుట్టే తునికాకు నిలవచేసేదాన్ని, ఒక్క సాయంత్రానికి అడిగాను. "ఒక్కసారే బిడ్డా. ఆటపాట చెడితె ఇగ మల్ల అడుగద్దు," అన్నాడు.

అల్లపల్లి, పెర్మిలి నుంచి కూడా జనం జీపుల్లో వచ్చారు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల నేలంతా బురద! దుమ్ము లేస్తే పాడేవాళ్లకు దగ్గొస్తుందని పెద్దబాపు మట్టినేల మీద నీళ్లు చల్లించాడట. (ఎండిన ఆకు పొడి కాకుండా నీళ్లు చల్లి, బస్తాల్లో వేసి తొక్కించడం ఆయనకు ఏళ్ల అలవాటు. ఆకుకు చల్లినట్టే నేలకూ చల్లించేశాడు.) పాడటానికి నేను పిలిపించిన ఆ గడ్చిరోలి స్నేహితులే వేదిక మీద ముఖాలు చూసుకుంటున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏంది పెద్దబాపూ, గిట్ల జేసినవ్? ఈ బురదల జనం ఎట్ల ఆడుతరు?"

"పరేషాన్ గాకు," అంటూ ఆయన చెప్పులు విడిచి, ధోతి ఎగ్గట్టి, వేదిక పక్కనే బురదలోకి దిగాడు. ఆకు సీజన్‌లో కూలీల మీద అరిచే గొంతుతోనే అరిచాడు. "జూస్తరేంది? చెప్పులిడువుండ్రి! తొక్కుండ్రి, జర గట్టిగ తొక్కుండ్రి!"

డోలు మోగింది. తెలుగు పాటకూ మరాఠీ పాటకూ, పెర్మిలి వాళ్లు అందుకున్న గోండీ పాటకూ ఊరంతా తొక్కింది. నా స్నేహితులు కూడా వంతులవారీగా వేదిక దిగి తొక్కారు. మర్నాటి ఎండకు నేల గట్టిపడింది. పెద్దబాపు మడమతో కొట్టి చూసి, "గింత మంచిగ ఏ కూలీ తొక్కలే. ఇగ గోదాం నీదే బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు గడ్చిరోలి బృందాలే మా హాలు దొరకాలని ఎదురుచూస్తాయి. గర్వంగానే చెబుతున్నాను. నేలంతా బండలు పరిపించాను కానీ, వేదిక పక్కన, అంత తొక్కిడిలోనూ చెరగకుండా లోతుగా దిగిన ఒక పాదం గుర్తును అలాగే ఉంచాను. "ఈ హాల్ల మొదటి అడుగు నాదే," అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటాను. మొన్న ఒక పాటగత్తె "ఏదీ, కాలు పెట్టుండ్రి అత్తా," అంది. దర్జాగా పెట్టాను. నా పాదం అందులో ఒక మూలకు కూడా రాలేదు.

అది పెద్దబాపుది. ఆయనుంటే ఎంత నవ్వేవాడో! ఎలాగూ పెట్టాను కదా అని, కాసేపు కాలు తీయలేదు.