మూడు నిమిషాలు, ఒక పన్ను

నవంబరు రెండో వారం, మధ్యాహ్నం రెండు గంటలకు సరిహద్దు పోస్టు చేరాం. పదహారు వేల అడుగుల ఎత్తు. ఒక బంకరు, ఆరుగురు మనుషులు, చుట్టూ మంచు. నా ఎడమ దవడ పన్ను అప్పటికే సలుపుతోంది.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అన్నయ్య చెప్పాడు. “ఒరేయ్, ఒంగోలు పోయి ఆ పన్ను పీకించుకుని పోరా.” “నీ పని నువ్వు చూసుకో” అని విసురుగా అనేసి బస్సెక్కాను. నన్ను చదివించి మిలిటరీకి పంపిన మనిషితో అనాల్సిన మాటేనా అది! ఫోను దొరగ్గానే క్షమించమని అడగాలనుకున్నాను.

ఫోను పదిహేను రోజులకోసారి. ఆదివారం పదకొండు గంటలకు, మనిషికి మూడు నిమిషాలు. ఇంట్లోవాళ్ళు పర్చూరు వచ్చి ఎస్టీడీ బూత్‌లో కాచుకుని ఉండేవాళ్ళు. మొదటిసారి వదిన ఎత్తింది.

“అన్నయ్యేడీ వదినా?”

“పత్తికి మందు కొడుతున్నాడయ్యా. నీ మాటేంటి ముద్దముద్దగా వస్తోంది? పన్నేనా? లవంగం పెట్టి అదిమి పట్టు.”

వెనక నుంచి అమ్మ: “ఉప్పునీళ్ళు పుక్కిలించమను!”

బూత్ అతను కూడా తగులుకున్నాడు: “జామాకు నమలమనండి, ఇట్టే లాగేస్తది!”

జామాకట! గడ్డిపరక మొలవని చోట! ఆ మాట చెప్పేలోపే లైను కట్టయింది.

తర్వాతా అంతే. అన్నయ్య ఒకసారి మిరపకోతలో, ఇంకోసారి కళ్ళంలో. నాకు మాత్రం వైద్యం. మా వైపు పొగాకు రైతులకు పంటినొప్పి వస్తే ఆకు కాడ దవడన పెట్టుకుంటారు. వదిన అదీ చెప్పింది. తోటివాడి ఖైనీ పెట్టుకుంటే కళ్ళు తిరిగి వాంతయింది. ఉప్పునీళ్ళు నోటికి చేరేలోపు చల్లబడి పన్ను జివ్వుమనేది. లవంగం ఒక గంట మొద్దుబార్చేది, అంతే.

మా ఆరుగురిలో ఒకడైన నర్సింగ్ అసిస్టెంట్ చూసి తిట్టాడు. “లోపల చీము పట్టింది. ఈ చిట్కాలతో పూట గడుస్తుందిగానీ పన్ను బాగుపడదు.” నన్ను దించమని రేడియోలో కింద బేస్‌ని అడిగాడు.

“హెలికాప్టర్ రాదు. వాతావరణం బాలేదు. మాత్రలివ్వు. ఓవర్.”

పదకొండు రోజులు అదే జవాబు. పన్నెండో రోజు దించారు, పన్ను పీకారు. ఆ ఆదివారం బేస్ నుంచి ఫోన్ చేశాను.

“మీ అన్న గుంటూరు మిర్చి యార్డుకి పోయాడయ్యా. పన్నెలా ఉంది?”

ఒళ్ళు మండిపోయింది. “పన్ను సంగతి తగలెయ్యి వదినా! ఒక్క నిమిషం వచ్చి మాట్లాడలేడా? నా మీద అంత కోపమా ఆయనకి? అయితే నాకూ అక్కర్లేదని చెప్పు!”

వదిన ఫోను పెట్టేసింది. మూడు నిమిషాలు ఇంకా కాలేదు.

మార్చిలో సెలవిచ్చారు. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో అడుగుపెట్టాను. వసారాలో నులకమంచం మీద అన్నయ్య. మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది.

నేను పోస్టు చేరిన వారానికే పక్షవాతం వచ్చిందట. మాట పోయింది. కాపలాలో ఉన్నవాడికి ఇలాంటి కబురు చెప్పకూడదని అమ్మ అందరి చేతా ఒట్టేయించుకుంది. “నీ గొంతు వింటానని ప్రతిసారీ ఆటోలో వచ్చేవాడయ్యా. రిసీవరుకి ఆయనా చెవి ఆనించేవాడు” అంది వదిన.

అంటే నా అరుపులన్నీ విన్నాడు.

క్షమించమని అడగబోయాను. అంతలోనే అన్నయ్య ఎడమచెయ్యి మెల్లగా లేపి, తన దవడ మీద వేలు పెట్టుకుని, తగ్గిందా అన్నట్టు నా వైపు చూశాడు. ఇన్నేళ్ళయినా ఆ వేలు నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు.